ఊ కొట్టినా కదలని కథ

మానసిక వైద్యం వార్డులో కొత్తగా పనికి చేరే పిల్లలు మా ఇంటికి వచ్చినప్పుడల్లా ముందు ఒకటే అడుగుతారు. "బీబమ్మా, ఆడ కొడతారంట గదా?" అని.

కర్నూల్లో ఒక ఆస్పత్రిలో ముప్పై ఏళ్లకు పైగా ఆ వార్డులోనే ఆయాగా పనిచేశాను. ఇన్నేళ్లలో నా మీద చేయి పడింది రెండేసార్లు. అందులో ఒకసారి తప్పు నాదే. నిద్రపోతున్న మనిషిని దుప్పటి లాగి లేపాను. మా ఇంటాయన్ను అట్లా లేపినా చేయి లేచేదేమో. అరిచేవాళ్లతో, తిట్టేవాళ్లతో పని తేలిక. ఏం కావాలో, ఏం వద్దో అరుపులోనే చెప్పేస్తారు. గోడవైపు తిరిగి పడుకొని, పెట్టిన ఉప్మా పెట్టినట్టే చల్లారబెట్టేవాళ్లతోనే కష్టం. మీరు నేర్చుకోవాల్సిందంతా వాళ్ల దగ్గరే ఉంది.

నేను చదివింది ఐదో తరగతి. అయితే ఒకసారి విన్నది మరిచిపోను. ఏ మంచం మీద ఎవరు పడుకున్నారో, వాళ్లది ఏ ఊరో, తోడుగా వచ్చిన మనిషి ఏమని విసుక్కున్నాడో ఇప్పటికీ చెప్పగలను. డాక్టర్లు కూడా పాత కాగితం దొరక్కపోతే "బీబమ్మను అడగండి" అనేవాళ్లు. నాకది శానా గొప్పగా ఉండేది. ఆ గొప్పే ఒకసారి ఒక ఆడమనిషి సంసారం మీదికి తెచ్చింది. అది రాద్దామనే కూర్చున్నాను. మనుషుల పేర్లు మార్చాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే.

ఏం తక్కువ అని అడగొద్దు

పనిలో చేరిన మొదటి ఏడు డోన్ నుంచి ఒక టైలరు వచ్చాడు. మంచి పనివాడట. ఆరు నెలలుగా కత్తెర పట్టుకోలేదు. పెళ్లాం ఇంటి నుంచి రోజూ ఏదో ఒకటి వండుకొని తెచ్చేది, ఇద్దరు పిల్లలు మంచం చుట్టూ ఆడుకునేవాళ్లు. చూసి చూసి ఒకరోజు నేను ఉండబట్టలేక అన్నాను.

"ఏమప్పా, నీకేం తక్కువ? బంగారట్లా పెండ్లాం, ముత్యాలట్లా పిల్లోళ్లు. లేసి నాలుగు అడుగులు ఎయ్యి, అంతా సక్కగవుతాది."

ఆయన, "అదే బీబమ్మా. ఏమీ తక్కువ లే. తక్కువుంటే చెప్పుకుందును" అన్నాడు. ఆ పూట పెళ్లాం తెచ్చిన అన్నం ముట్టుకోలేదు. ఆమె ముఖం కూడా చూడలేదు.

మా హెడ్ సిస్టరు రూతమ్మ వింటూనే ఉంది. పక్కకు పిలిచి అడిగింది: "బీబీ, కాలిరిగినోని దగ్గరికి పోయి, 'నీకు రెండో కాలు బాగుంది గదప్పా, ఎందుకట్ల పండుకున్నావు' అంటావా?"

అంతే. తిట్టలేదు, పై వాళ్లకు చెప్పలేదు. ఆమె దగ్గర ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. రోగి నోట చావు మాట వస్తే, అది నవ్వుతూ అన్నా సరే, "ఎవరికీ చెప్పొద్దు" అని ఒట్టు పెట్టించుకున్నా సరే, ఆ క్షణమే సిస్టరుకో డాక్టరుకో చెప్పాలి. ఆ ఒట్టు తప్పినందుకు ఏ దేవుడూ కోప్పడడు.

బొటనవేలితో ఊ కొట్టడం

ఇంకో మూడేళ్లకు నా పని అయిపోతుందనగా నవ్య డాక్టరమ్మ మా వార్డుకొచ్చింది. కడప పిల్ల. పెద్ద చదువు చదువుతూ ఇక్కడ పని నేర్చుకునేది. రోగుల మంచం పక్కన నేల మీదే బాసింపట్టు వేసుకొని కూర్చునేది. పెద్ద డాక్టర్లకు అది నచ్చేది కాదు, నాకు నచ్చేది.

ఒక మధ్యాహ్నం దుప్పట్లు మడతపెడుతుంటే ఫోను పట్టుకొని వచ్చింది.

"బీబమ్మా, ఒక ఆట ఆడతావా?"

"ఆడేకి నా మోకాళ్లు ఒప్పుకోవు తల్లీ."

"కూర్చొని ఆడేదే. సదువుకునే ఆట."

చూస్తే బొమ్మలు లేవు, బండ్లు లేవు, తుపాకులు లేవు. అక్షరాలే. 'తెల్లారింది. వీధి కొళాయిలో నీళ్లొచ్చాయి. అరగంటలో ఆగిపోతాయి' అని రాసి ఉంది. దాని కింద రెండు గళ్లలో రెండు మాటలు. ఒకదాని మీద వేలు పెడితే కథ ఒక పక్కకు పోతుంది, రెండోదాని మీద పెడితే ఇంకో పక్కకు. ఏదో ఒకటి నొక్కితే కానీ తర్వాతి మాట రాదు.

"ఓస్, ఊ కొట్టే కథ!" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. మా మనవళ్లకు నేను కథ చెప్పేటప్పుడు ఊ కొట్టడం ఆపితే నేనూ ఆపేస్తాను. "ఊ కొట్టకపోతే రాజు గుర్రం ఏట్లోనే నిలబడిపోతుంది, మునిగిపోతుంది, మీ ఇష్టం" అంటాను. నిద్రలో కూడా ఊ అంటారు పాపం. ఇక్కడ ఆ ఊ ఏదో బొటనవేలు కొడుతోంది, అంతే తేడా. ఆ మాట చెబితే డాక్టరమ్మ తన పుస్తకంలో రాసుకుంది.

ఎందుకు చేస్తున్నావని అడిగాను. వేరే దేశాల్లో ఇట్లాంటివి ఇంగ్లీషులో చేశారట. ఆమె చదువుకునేటప్పుడు చూసిందట.

"ఇది జబ్బు అని నేను చెప్తా బీబమ్మా. తోడొచ్చినోళ్లు తల ఊపుతారు. ఊపి, నేరుగా మంచం కాడికి పోయి 'లెయ్యే సోంబేరీ' అంటారు. చెవి నుంచి తలకెక్కనిది వేలి నుంచి ఎక్కుతాదేమో చూస్తాం."

నాకు ఆ ఆట మీద మనసు పడింది. వంట చేస్తున్నా అదే ఆలోచన. అందులో మనిషి ఏం తింటుంది? అత్త ఉందా? మనం తప్పు గడి నొక్కితే మళ్లీ వెనక్కి రావచ్చా? ఒకరోజు అడిగాను: "అమ్మా, ఇది ఆడినోళ్లకు ఆ బేజారు అంటుకోదా?"

నవ్వబోయి ఆగిపోయింది. రెండురోజుల తర్వాత చూస్తే ప్రతి పేజీ అడుగునా ఒక చిన్న గడి ఉంది. 'చాలు, ఆపేస్తాను.' బాగా కుంగిపోయి ఉన్నవాళ్లకు ఆ ఫోను ఇవ్వకూడదని కూడా అనుకున్నాం. ఆట తోడొచ్చినవాళ్ల కోసం.

మాటల వేట

డాక్టరమ్మ మొదట అంతా పుస్తకాల తెలుగులో రాసింది. 'నిరాశా నిస్పృహలు నిన్ను ఆవరించాయి' అని ఒక చోట. పత్తికొండ రైతు ఒకాయన, కొడుకుకు తోడుగా వచ్చినవాడు, గడి గడికీ ఆగి ఆగి చదివి, "ఈ నిరాశ, నిస్పృహ ఎవురమ్మా? ఆయమ్మ కూతుర్లా?" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆమె నా చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. జనం నిజంగా ఏమంటారు, ఏ మాటతో చెప్పుకుంటారు అని. నా దగ్గర మాటలకు కరువా? బేజారు అనే మాటతోనే ఒక పూట గడిచిపోయింది. మా ఇంట్లో ఉర్దూలో బేజార్ అంటే విసుగు పుట్టడం. ఆదోని దిక్కు నుంచి వచ్చేవాళ్లకు అదే మాట దిగులు. కర్నూలు వీధుల్లో రెండూను. ఒక బస్సు కండక్టరు చెప్పింది చెప్పాను: "బస్సు నిండా జనం. దిగాల్సిన స్టాపు పోతానే ఉండాది. విజిలేసేకి నోట్లో గాలి లే." ఒక వంట మాస్టరు ఉప్పు వేసినా వేయకున్నా నాలిక్కి ఒకటే అయిందన్నాడు. డాక్టరమ్మ కళ్లు పెద్దవి చేసి వినేది. కానీ ఎవరి మాటనైనా వాళ్లను అడక్కుండా ఆటలో పెట్టేది కాదు.

"మాట మీద పేరు రాసి ఉంటాదా ఏంది?" అన్నాను నేను.

"చెప్పుకున్నోళ్లకు కనపడతాది బీబమ్మా."

మొదటి పేజీలో రెండు గళ్లు పెట్టాలి కదా. తెల్లారింది, నీళ్లొచ్చాయి, ఆడమనిషి పడుకొని ఉంది. "పొద్దున నువ్వు టిఫిను తీసుకొనిపోయి లేపితే వీళ్లు ఏమంటారు?" అని అడిగింది.

నేను తడుముకోలేదు. "'లేయను' అంటారు తల్లీ. ముప్పై ఏండ్లుగా వింటాండా. అది ఎవరి సొంత మాటా కాదు, అందరి మాటా."

'లేస్తాను' ఒక గడిలో పెట్టింది. 'లేవను' రెండో గడిలో.

తోడొచ్చినవాళ్లకు ఫోను ఇచ్చి ఆడించడం మొదలుపెట్టాం. కొందరు నవ్వి తిరిగిచ్చేవాళ్లు. ఒక అత్తగారు, "ఇంత సదివేదానికి బదులు రెండు చెంబులు నీళ్లు తలమీద పోస్తే లేస్తాది" అంది. ఒక కుర్ర భర్త మధ్యలోనే 'చాలు' నొక్కి వరండాలోకి వెళ్లిపోయాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఆట మందులాంటిది అని నేను అనను. మందు వేరు. తోడొచ్చిన మనిషి గొంతు కొంచెం తగ్గితే రోగికి మందు పట్టే వ్యవధి దొరుకుతుంది, అంతవరకే.

సరోజ

సరోజది ఒంటిమిట్ట. పన్నెండేళ్ల కిందట కోడుమూరు నేతగాడు రామాంజికి ఇచ్చి చేశారు. ఈ పన్నెండేళ్లలో ఆమె మాట కూడా కోడుమూరు మాటే అయిపోయింది. ఇంట్లో గుంట మగ్గం. మగ్గం మీద ఆయన, రాట్నం ముందు ఆమె. నూలు కండెలకు చుట్టి అందిస్తే, పోగును అటూ ఇటూ నడిపే నాడెలో అవి పెట్టుకొని ఆయన నేస్తాడు. ఆమె చుట్టడం ఆపితే ఆయన కాళ్లూ చేతులూ ఉండి కూడా ఊరికే కూర్చోవాలి. ఆమె ఆపి నెల దాటింది. అందుకే తీసుకొచ్చాడు.

చెడ్డవాడని రాయలేను. పెళ్లాం దుప్పటి ఎండకు వేసేవాడు, బయటి నుంచి జామపండ్లు తెచ్చి పక్కన పెట్టేవాడు. పెట్టి, "తినే, లెయ్యే, ఏం రోగం నీకు?" అనేవాడు. మూడు మాటలూ ఒకే గొంతుతో.

మందు మొదలుపెట్టి పన్నెండో రోజు. పని చేయడానికి ఇంకొన్ని రోజులు పడుతుందని డాక్టరమ్మ ఆయనకు రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పకుండా ఫోను చేతిలో పెట్టింది.

రామాంజి పెదాలు కదుపుతూ మొదటి పేజీ చదివాడు. రెండు గళ్లూ చూశాడు. 'లేవను' మీద వేలు పెట్టాడు. 'పడుకునే ఉన్నావు. నీళ్లు ఆగిపోయాయి' అని వచ్చింది. ఆయన ముఖం వెలిగింది.

"సూస్తిరా డాక్టరమ్మా! నేను నెల నుంచి నెత్తీ నోరూ కొట్టుకునేది ఇదే. లేస్తాను అనేదీ ఉండాది, లేవను అనేదీ ఉండాది. ఆయమ్మ కావాలనే రెండోది పట్టుకునింది. మీరే రాసినారు!"

"అది కాదప్పా," అని డాక్టరమ్మ ఏదో చెప్పబోయింది.

"రాసి పెట్టి మళ్లా కాదంటారేందమ్మా? ఇష్టం లేక లేయనిదానికి మందెందుకు? శుక్రవారం పొద్దున పదింటికి కడప బస్సుండాది. ఒంటిమిట్టకు పిల్చుకోనిపోయి వాళ్లమ్మ కాడ వదిలిపెడతా. లేస్తాను అన్న దినం వచ్చి పిల్చుకోనొస్తా."

సరోజ తల్లి మాత్రలు నమ్మని మనిషి. ఇంతకుముందు ఒకసారి పుట్టింట్లో ఉన్నప్పుడు ఇచ్చిన మాత్రలన్నీ పెంటదిబ్బ మీద పారేసిందని సరోజే చెప్పింది. అక్కడికి పోతే ఈ మందూ అంతే. మొగుడు మళ్లీ వచ్చి తీసుకొనిపోవడం అనేది కూడా మాట వరసకే. అట్లా వదిలిపెట్టి వెళ్లినవాళ్లలో తిరిగొచ్చినవాళ్లను నేను తక్కువమందిని చూశాను. ఇదంతా ఆమె మంచం పక్కనే నిలబడి మాట్లాడాడు. ఆమె గోడవైపు తిరిగి ఉంది.

సగమే విన్న మాట

అదే రోజు, బుధవారం సాయంత్రం, సరోజకు తల దువ్వుతున్నాను. జుట్టు అట్టలు కట్టి ఉంది, కొబ్బరినూనె పెట్టి మెల్లగా చిక్కు తీస్తున్నాను. ఆమే మొదలుపెట్టింది.

"బీబమ్మా, ఆ సెల్లులో 'లేవను' అని రాసిందెవురు?"

"నేనే సెప్పినా తల్లీ. మీరందరూ అనేదే గదా."

"నేనెప్పుడంటి?"

"ఈ పొద్దు గూడా అంటివి. ఉప్మా తెచ్చినప్పుడు. 'లేయను' అంటివి."

దువ్వెన నా చేతిలో ఉండగానే ఆమె నావైపు తిరిగింది. పన్నెండు రోజుల్లో అట్లా తిరగడం అదే మొదలు.

"లేయనీకి కాలే అంటి," అంది.

మా పక్క 'లేవడానికి' అనేదాన్ని 'లేయనీకి' అంటాం. లేయనీకి కాలే అంటే లేవడానికి వీలు కాలేదని. ముఖం నావైపు ఉంది కాబట్టి విన్నాను. 'లేయనీ' దాకా గొంతు ఉంది, ఆ తర్వాతిదంతా ఊపిరి. గోడవైపు తిరిగి అంటే, చేతిలో ప్లేట్లు పట్టుకొని పక్క మంచానికి పోయే తొందరలో ఉన్న మనిషికి వినపడేది 'లేయను' అనే. నేను ముప్పై ఏళ్లు పొద్దున్నే ప్లేట్లు పట్టుకొనే తిరిగాను.

మరుసటి పొద్దున ప్లేట్లు కింద పెట్టి, గోడవైపు తిరిగి ఉన్న ముగ్గురి దగ్గరా వంగి చెవి పెట్టాను. ఇద్దరి మాట చివర ఆ 'కాలే' ఉంది. మూడో ఆయన, ఏదో ఆఫీసులో గుమస్తా, చెవిలోనే గట్టిగా, "రోజూ ఉప్మానేనా? లేయను పో!" అన్నాడు. ఆయన నిజంగానే లేవనన్నాడు. ఆయనకు అప్పటికి బాగా నయమైంది లెండి.

డాక్టరమ్మకు చెప్పాను. జ్ఞాపకం గొప్పదని మురిసిపోయానే, సగం విన్న మాటను ముప్పై ఏళ్లు జాగ్రత్తగా దాచుకున్నాను.

"నేనూ వాళ్ల పక్కనే కూర్చున్నా గదా బీబమ్మా. కడపదాన్ని, ఆ 'నీకి' నా చెవికి ఆనలే," అంది. ఇద్దరం సరోజ దగ్గరికి పోయాం. ఆమె ఒప్పుకుంటే ఆట మార్చి రాస్తామని, లేకపోతే తీసేస్తామని డాక్టరమ్మ చెప్పింది. లేయనీకి కాకపోవడం అంటే ఎట్లుంటుందో చెప్పగలవా అని అడిగింది.

సరోజ ఆగి ఆగి చెప్పింది. ప్రతి మాట చివరా మేం ముందుకు వంగాం.

"పొద్దున మెలకువొస్తాది. లేస్తా అనుకుంటా. అనుకునేతలికి అది 'లేయాల' అయిపోతాది. దాన్ని పట్టుకునేతలికి 'లేసేదుండె' అయిపోతాది. అంతలో నీళ్లు ఆగిపోతాయి."

డాక్టరమ్మ కలం ఆగిపోయింది. లేస్తా, లేయాల, లేసేదుండె. లేసేదుండె అంటే లేవాల్సి ఉండింది, లేవలేదని. మూడూ ఒక్క మాటే. చేతిలో ఉన్నది చూస్తుండగానే జారి నిన్నటిదైపోతోంది. నేను పుట్టినప్పటి నుంచి ఆ మూడు మాటలూ వాడుతున్నాను. వాటి మధ్య ఒక మనిషి ఇరుక్కుంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

"నా పేరు పెట్టొద్దు," అంది సరోజ. "మగ్గం గూడా వద్దు. నీళ్లే ఉండనీ. నీళ్లు అందరికీ వస్తాయి."

"వచ్చినప్పుడు," అన్నాను నేను. పెదవి ఒక పక్కకు కదిలినట్టనిపించింది.

ఆ గురువారం మధ్యాహ్నమంతా డాక్టరమ్మ కంప్యూటరు ముందు కూర్చుంది. నేను పక్కన కూర్చొని గట్టిగా చదివాను. 'లేవాల్సింది' అని పుస్తకం మాట పెట్టబోతే ఒప్పుకోలేదు. "ఆయమ్మ 'లేసేదుండె' అనింది. అదే రాయి తల్లీ," అన్నాను. ఆ పూట ఆ మాట కోసం ఎవరితోనైనా పోట్లాడేదాన్ని.

శుక్రవారం

పొద్దున ఎనిమిదిన్నరకే రామాంజి సంచి భుజాన వేసుకొని వచ్చాడు. సరోజను లేపి, చెప్పులు తొడిగి, వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టాడు. చెప్పులు ఆయనే తొడిగాడు, అది కూడా రాయాలి.

నేను అడ్డం పోయాను. "అప్పా, ఆ ఆటలో తప్పు పడింది. తప్పు నాదే. సరిచేసినాం, ఒక్కసారి చూసిపో."

"మళ్లా ఆటనా? మీకేం పనీపాటా లేదా బీబమ్మా?"

"బస్సుకు ఇంకా గంటన్నర ఉండాది గదప్పా. ఆడ నిలబడేది ఈడ కూర్చో."

విసుగ్గానే ఫోను తీసుకున్నాడు. సంచి దించలేదు. 'తెల్లారింది. వీధి కొళాయిలో నీళ్లొచ్చాయి.' ఈసారి అడుగున ఉండే 'చాలు' కాకుండా ఒకటే గడి: 'లేస్తా.'

"రెండోది యాడ పాయె?"

"అది ఎవురూ అననే లేదప్పా," అన్నాను.

నొక్కాడు. 'పక్కింటి బిందెల చప్పుడు.' అంతే. గడిలో మాట 'లేయాల' అయింది. నొక్కాడు. 'నీళ్లు సన్నబడ్డాయి.' గడిలో మాట 'లేసేదుండె' అయింది. దాన్నీ నొక్కాడు. 'నీళ్లు ఆగిపోయాయి.' ఒక ఖాళీ పేజీ. మళ్లీ 'తెల్లారింది.' మళ్లీ 'లేస్తా.'

రెండోసారి తొందర తొందరగా నొక్కాడు. మూడోసారి నిదానంగా, గట్టిగా నొక్కాడు. బొటనవేలు పంచెకు తుడుచుకొని నొక్కాడు. ఫోనును తొడమీద రెండుసార్లు తట్టాడు.

"సెల్లు కరాబయింది డాక్టరమ్మా."

డాక్టరమ్మ తన రెండో ఫోను ఇచ్చింది. అందులోనూ అంతే. నా ఫోను ఇచ్చాను. అందులోనూ అంతే. మెడ మీద చెమట పట్టింది ఆయనకు. నేతపని చేసే వేలు, పోగు తెగితే కనపడకుండా అతికే వేలు, ఆ గడి మీద అట్లా కొడుతూనే ఉంది.

"ఏందమ్మా ఇది? లేస్తా, లేస్తా అని ఒత్తుతానే ఉండా గదా! నేనేమన్నా లేయనంటినా?"

"నేనూ అనలే," అంది సరోజ.

బెంచీ మీది నుంచి, మెల్లగానే అంది. ఈసారి చివరి మాట దాకా అందరికీ వినపడింది. రామాంజి ఆమెవైపు చూడలేదు. ఫోనువైపే చూస్తూ ఉండిపోయాడు. ఎంతసేపంటే, వెలుతురు ఆరిపోయి అద్దంలో ఆయన ముఖమే కనపడేంతసేపు.

తర్వాత డాక్టరమ్మను అడిగాడు: "ఈ కతలో మొగుడు యాడ?"

"రాయలేదప్పా."

"రాయండి."

"ఏమని రాయమంటావు?"

నోరు తెరిచాడు. "'లెయ్యే' అని... వద్దు, అది దినామూ అంటాండా." ఇంకోసారి తెరిచాడు. "'ఏం రోగం'..." అని ఆగిపోయాడు. మూడోసారి నోరు తెరవలేదు. "నాకు రావడంలే డాక్టరమ్మా. ఇంకేం మాటుండాది?" అన్నాడు. అడుగుతున్నట్టు కాదు, నిజంగానే వెతుక్కుంటున్నట్టు నేలవైపు చూశాడు.

నా దగ్గర మాటలుండాయి, చెబుదామని ముందుకు పోబోయాను. డాక్టరమ్మ నా కొంగు పట్టుకుంది. ఈ పనిలో నోరు మూసుకోవడం అందరికంటే ఆలస్యంగా నేర్చుకున్నది నేనే.

సరోజే అంది: "ఏమీ అనొద్దు. పక్కన కూసోమని రాయండి."

ఆయన సంచి దించాడు. బెంచీకి రెండో కొసన కూర్చున్నాడు, ఇంకో మనిషి పట్టేంత చోటు మధ్యలో వదిలి. నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. "ఏమప్పా, మధ్యలో కండక్టరుకు చోటు పెట్టినావా?" అన్నాను. కొంచెం జరిగాడు. నేను లోపలికి పోయి దుప్పట్లు మార్చి, నేల తుడిచి, మందుల గిన్నెలు కడిగి బయటికి వచ్చేసరికి పదిన్నర దాటింది. అట్లానే కూర్చొని ఉన్నారు. మాత్ర వేసుకునే వేళయిందని నేను చెప్పకముందే ఆయన లేచి చెంబు కోసం వెతుకుతున్నాడు.

ఇంకో తొమ్మిది రోజులు ఉన్నారు. ఇంటికి పోయాక కొన్నాళ్లు ఆయనే కండెలు చుట్టుకొని ఆయనే నేసుకున్నాడట. "నాసిగా చుట్టినాడు, పోగులన్నీ వదులు," అని తర్వాత మందుల కోసం వచ్చినప్పుడు సరోజ నాతో తప్పులు ఎంచింది. ఆమె తప్పులు ఎంచడం చూసి డాక్టరమ్మ లోపలికి పోయి నవ్వుకుంది.

సరోజకు పూర్తిగా నయమైందా అని కొత్తపిల్లలు అడుగుతారు. నేను పని మానేలోపు ఆమె ఇంకో రెండుసార్లు వార్డుకొచ్చింది. రెండుసార్లూ కోడుమూరు బస్సులోనే వచ్చింది. రెండుసార్లూ ఆయనే పిల్చుకొచ్చాడు.